బొమ్మ చేతిలో తీగ

ఏన్కూరు ఖమ్మం జిల్లాలో మండల కేంద్రం. తల్లాడ నుంచి కొత్తగూడెం పోయే దారిలో ఉంటుంది. ఆ చుట్టుపక్కల వరి, పత్తి, మిరప పండిస్తారు. అవతల అడవి పల్లెలు మొదలవుతాయి.

ఆ మండలంలో ఒక పల్లె. అక్కడ ఒక తల్లి మిరపకాయలు ఏరే పనికి పోయింది. కూలి డబ్బుల్లో కొంత మిగిలింది. ఆ డబ్బుతో కూతురికి ఒక బొమ్మ కొన్నది.

బొమ్మ అచ్చం పసిపాపలా ఉంది. ఒళ్లు గుడ్డది. లోపల దూది. తల, చేతులు మెత్తటి రబ్బరువి. వేళ్లకు గోళ్లు కూడా ఉన్నాయి. చెయ్యి ఎటు వంచితే అటు వంగుతుంది. వంచినట్టే నిలబడుతుంది.

కూతురికి ఆరేళ్లు. రోజూ బొమ్మ చేత టాటా చెప్పించేది. చెయ్యి ముందుకు, వెనక్కు. మళ్లీ ముందుకు, వెనక్కు. కొన్నాళ్లకు మణికట్టు దగ్గర చెయ్యి వేలాడింది. అయినా పిల్ల బొమ్మను వదల్లేదు. పక్కలో వేసుకుని పడుకుంది.

అర్ధరాత్రి పిల్ల ఏడుస్తూ లేచింది. తల్లి లైటు వేసి చూసింది. చెంప మీద ఎర్రటి గీత. ఒక రక్తపు చుక్క. కంటికి రెండు వేళ్ల దూరం. బొమ్మ మణికట్టు దగ్గర రబ్బరు చిరిగింది. అందులోంచి సన్నటి తీగ మొన బయటికి వచ్చింది.

"పారెయ్ దాన్ని" అన్నాడు తండ్రి.

పిల్ల బొమ్మను గుండెకు హత్తుకుంది. "దానికి చెయ్యి నొప్పి పెడుతుంది నాన్నా" అన్నది.

నానమ్మ బొమ్మను తీసుకుంది. "పొద్దున చూద్దాం. అప్పటిదాకా ఇది అటక మీద ఉంటది" అన్నది.

నానమ్మ చేసిన పని మంచిది. తీగ బయటపడిన బొమ్మను ముందు పిల్లలకు అందకుండా పెట్టాలి. బాగు చేయడం తరువాత సంగతి.

ముందు గాయం

తల్లి గాయాన్ని సబ్బుతో, ధారగా పోసిన నీళ్లతో కడిగింది. తెల్లవారి ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయింది. పిల్లకు వేయించిన టీకాల కార్డు వెంట తీసుకుపోయింది. ఎందుకు?

తీగ గుచ్చుకుంటే ధనుర్వాతం వస్తుందని భయపడతాం. తుప్పు వల్ల వస్తుందని చాలామంది అంటారు. జబ్బు తెచ్చేది తుప్పు కాదు, ఒక క్రిమి. ఆ క్రిమి మట్టిలో, పేడలో ఉంటుంది. గాయంలోంచి ఒంట్లోకి పోతుంది. కార్డు చూస్తే సూది కావాలో వద్దో ఆరోగ్య కేంద్రం వాళ్లు చెబుతారు.

ఒకవేళ తీగ కంట్లో గుచ్చుకుంటే ఏం చేయాలి? కన్ను నలపకూడదు. గుచ్చుకున్నదాన్ని మనం పీకకూడదు. ఆకు పసరు, చనుబాలు పోయకూడదు. కన్ను నొక్కుకోకుండా పైన ఏదైనా అడ్డం పెట్టాలి. శుభ్రమైన చిన్న గిన్నె అయినా చాలు. వెంటనే కంటి డాక్టరు ఉన్న ఆసుపత్రికి పోవాలి.

తీగ ఎందుకు తెగింది?

సాయంత్రం ఇంటి ముందు నలుగురు చేరారు. బట్టలు కుట్టే అక్క వచ్చింది. మేస్త్రీల దగ్గర ఇనుప రాడ్లు కట్టే తమ్ముడు వచ్చాడు.

"పిల్ల గట్టిగా లాగి ఉంటది" అన్నది తల్లి.

"లాగితే ఇంత తొందరగా తెగదు అక్కా" అన్నాడు తమ్ముడు. జేబులోంచి బైండింగ్ వైరు ముక్క తీశాడు. రాడ్లు కట్టే నల్లటి తీగ అది. "లాగు చూద్దాం" అన్నాడు.

తల్లి రెండు చేతులా లాగింది. తెగలేదు.

"ఇప్పుడు ఒకే చోట అటూ ఇటూ వంచు. లెక్క పెట్టు."

తల్లి వంచింది. ఒకటి, రెండు, మూడు. కాసేపటికి తీగ వంగిన చోట వెచ్చబడింది. ఇంకా వంచింది. తీగ పుటుక్కున తెగింది.

"పనికాడ పటకారు లేకుంటే మేం తీగను ఇట్లనే తెంపుతం" అన్నాడు తమ్ముడు.

తీగను వంచినప్పుడు బయటి వైపు సాగుతుంది. లోపలి వైపు నొక్కుకుపోతుంది. వెనక్కు వంచితే సాగిన వైపు నొక్కుకుంటుంది. నొక్కుకున్న వైపు సాగుతుంది. ఇలా పదే పదే జరిగితే ఆ చోట లోహం గట్టిపడి పెళుసవుతుంది. అంటే వంగే గుణం పోతుంది. అక్కడ కంటికి కనపడని పగులు పుడుతుంది. వంచిన ప్రతిసారీ పగులు పెరుగుతుంది. చివరికి తీగ తెగుతుంది.

ఇందులో ఇంకో సంగతి ఉంది. తీగ ఎంత లావుంటే వంచినప్పుడు బయటి వైపు అంత ఎక్కువ సాగాలి. అందుకే లావు తీగ తొందరగా అలసిపోతుంది. సన్న తీగ ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది.

మన ఇంట్లోనే దీనికి రుజువు ఉంది. గోడలో కరెంటు వైరు కదలదు. అందులో లావు తీగ ఉన్నా పరవాలేదు. ఇస్త్రీ పెట్టె వైరు రోజూ వంగుతుంది. దాని లోపల వెంట్రుకల్లాంటి సన్న తీగలు చాలా ఉంటాయి. వంగే చోట ఒక్క లావు తీగ కంటే పది సన్న తీగలు మేలు.

మొన లేని వంపు మేలు. కోసుగా మడిస్తే తీగ తొందరగా తెగుతుంది. గుండ్రంగా వంచితే నిలుస్తుంది.

మూడు రకాల చేతులు

బొమ్మలు చేసేవాళ్లు చేతిని మూడు రకాలుగా చేస్తారు.

మొదటిది వంగని చెయ్యి. కొండపల్లి బొమ్మ చూడండి. కొండపల్లి విజయవాడ దగ్గర ఉంది. అక్కడ తెల్ల పొణికి అనే తేలిక కర్రతో బొమ్మలు చెక్కుతారు. చేతులు విడిగా చెక్కి ఒంటికి అతికిస్తారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి మక్కు చేస్తారు. అతుకులను ఆ మక్కుతో పూడుస్తారు. ఆ చెయ్యి ఎప్పుడూ ఒకే తీరున ఉంటుంది. వంచబోతే విరుగుతుంది.

రెండోది కీలు చెయ్యి. తోలుబొమ్మలాట చూసినవాళ్లకు తెలుసు. తోలుబొమ్మ చెయ్యి ఒకే ముక్క కాదు. భుజం దగ్గర ఒక అతుకు, మోచేతి దగ్గర ఒకటి, మణికట్టు దగ్గర ఒకటి. ముక్క మీద ముక్క పెట్టి, బెజ్జం వేసి, దారం ముడి వేస్తారు. ఆటలో ఆ చెయ్యి వందలసార్లు లేస్తుంది, దిగుతుంది. అయినా తోలు తెగదు. ఎందుకంటే అక్కడ తోలు వంగడం లేదు. ముడి చుట్టూ తిరుగుతుంది. ముడి అరిగితే కొత్త దారం వేస్తే చాలు. ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో నిమ్మలకుంట అనే ఊరు ఈ కళకు పేరు పొందింది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు.

మూడోది తీగ చెయ్యి. ఇది వంగుతుంది. వంచినట్టే నిలుస్తుంది. కొండపల్లి బొమ్మ చెయ్యి వంగదు. తోలుబొమ్మ చెయ్యి పట్టుకోకుంటే నిలవదు. తీగ చెయ్యి రెండు పనులూ చేస్తుంది. కానీ ఏదో ఒక రోజు తెగుతుంది. అందుకే దాన్ని అప్పుడప్పుడు నొక్కి చూసుకోవాలి.

మరి మన చెయ్యి? మన ఒక్క చేతిలో మణికట్టు నుంచి వేళ్ల కొసల దాకా 27 ఎముకలు ఉన్నాయి. బొటనవేలికి రెండు ఎముకలు. మిగతా వేలు ఒక్కొక్కదానికి మూడు. ఎముక వంగదు. రెండు ఎముకల మధ్య కీలు వంగుతుంది. కాబట్టి మనం ఎన్నిసార్లు టాటా చెప్పినా చెయ్యి తెగదు.

కావలసిన వస్తువులు

సన్న రాగి తీగ. మోటార్లకు తీగ చుట్టే షాపులో దొరుకుతుంది. అర మిల్లీమీటరు లావు చాలు. లావు ఎలా కొలవాలి? పెన్సిలుకు తీగను పక్కపక్కనే పది చుట్లు చుట్టండి. పది చుట్లూ కలిసి అర సెంటీమీటరు వస్తే తీగ అర మిల్లీమీటరు లావు ఉన్నట్టు.

బైండింగ్ వైరు వాడవచ్చా? అది మెత్తగానే వంగుతుంది. కానీ తడి తగిలితే తుప్పు పడుతుంది. రాగి తుప్పు పట్టి విరిగిపోదు. కరెంటు స్తంభం దగ్గర పడి ఉన్న తీగను మాత్రం ముట్టుకోవద్దు. అది చచ్చిన తీగో బతికిన తీగో కంటికి తెలియదు.

ఇంకా కావలసినవి: పటకారు, కత్తెర, సూది, గట్టి దారం, పాత నూలు చీర పేలిక, గాయాలకు వేసే గుడ్డ ప్లాస్టరు, దూది, కొంచెం పౌడరు.

బాగు చేసే పద్ధతి

1. నొక్కి చూడాలి. కొయ్యకముందే బొమ్మ చెయ్యిని భుజం నుంచి వేళ్ల దాకా నెమ్మదిగా నొక్కాలి. ఎక్కడ మెత్తగా వాలుతుందో, ఎక్కడ మొన తగులుతుందో పెన్నుతో గుర్తు పెట్టాలి.

2. కుట్టు విప్పాలి. చంక కింద కుట్టు విప్పాలి. అక్కడైతే మళ్లీ కుట్టినా కనపడదు. రబ్బరును కొయ్యవద్దు. రబ్బరు కోస్తే చిరుగు పెరుగుతుంది.

3. పాత తీగను మొత్తం తీయాలి. భుజం వైపు నుంచి పటకారుతో లాగాలి. విరిగిన ముక్కలను గుడ్డ మీద వరసగా పేర్చాలి. బాగున్న చేతి పొడవుతో పోల్చాలి. పొడవు తగ్గితే ఒక ముక్క ఇంకా లోపలే ఉంది. ఇనుప ముక్క అయితే అయస్కాంతం పట్టుకుంటుంది. రాగి, అల్యూమినియం ముక్కలను పట్టుకోదు. వాటిని చేతితో నొక్కి వెతకాలి. ఆఖరి ముక్క దొరికేదాకా తరువాతి పనికి పోవద్దు.

"తెగిన చోట మెలిపెట్టి అతికితే సరిపోదా?" అని అడిగింది తల్లి.

"సరిపోదు" అన్నది కుట్టే అక్క. "చిరిగిన చీరకు మాసిక వేస్తాం. మాసిక పక్కనే మళ్లీ చిరుగుతుంది. ఇదీ అంతే."

నిజమే. అతికిన చోట తీగ బిరుసుగా ఉంటుంది. దాని పక్కన వంపు కోసుగా పడుతుంది. అక్కడే మళ్లీ తెగుతుంది.

4. కొత్త తీగ కొలవాలి. బాగున్న చేతి పక్కన దారం పెట్టి, వేలి కొస నుంచి భుజం దాకా కొలవాలి. ఈ బొమ్మకు 20 సెంటీమీటర్లు వచ్చింది. తీగను మధ్యకు మడుస్తాం కాబట్టి దానికి రెండింతలు, 40 సెంటీమీటర్లు. భుజం దగ్గర చుట్టడానికి ఇంకో 4. మొత్తం 44 సెంటీమీటర్లు. ఇలాంటివి ఐదు కావాలి. వేలికి ఒకటి.

5. మడిచి మెలిపెట్టాలి. ఒక్కో తీగను మధ్యకు మడవాలి. మడిచిన చోట చిన్న సున్నాలా ఉంచాలి. ఆ సున్నా వేలి కొసకు పోతుంది. అప్పుడు వేలి కొసన మొన అన్నదే ఉండదు. రెండు పోగులను వదులుగా మెలిపెట్టాలి. జడ అల్లినట్టు బిగించవద్దు. బిగిస్తే తీగ ముందే గట్టిపడుతుంది.

6. చెయ్యి ఆకారం చేయాలి. ఐదు తీగలను అరచేతి దగ్గర కలిపి దారంతో చుట్టాలి. అక్కడి నుంచి భుజం దాకా కట్టలా పోవాలి. భుజం దగ్గర తీగ కొసలన్నీ లోపలికి మడిచి ఒక ఉంగరంలా చేయాలి. కొసలు బయటికి చూడకూడదు.

7. గుడ్డ చుట్టాలి. వేలి సున్నాలకు గుడ్డ ప్లాస్టరు చుట్టాలి. భుజం ఉంగరానికి కూడా చుట్టాలి. మిగతా తీగకు చీర పేలిక చుట్టాలి. మణికట్టు దగ్గర ఒక చుట్టు ఎక్కువ వేయాలి. గుడ్డ ఉంటే తీగ కోసుగా మడత పడదు, గుండ్రంగా వంగుతుంది. రేపు ఎప్పుడైనా తీగ తెగినా మొనకు గుడ్డ అడ్డం ఉంటుంది.

8. లోపలికి దూర్చాలి. తీగ కట్టకు పౌడరు అద్దాలి. అప్పుడు జారుతుంది. భుజం వైపు నుంచి పంపి, ఒక్కో సున్నాను ఒక్కో వేలిలోకి నడపాలి. ఇది ఓపిక పని. గాజులు తొడిగేటప్పుడు చెయ్యిని ఎలా నొక్కి తోస్తామో అలా రబ్బరును నొక్కుతూ తొయ్యాలి.

9. భుజానికి కుట్టాలి. తీగ ఉంగరంలోంచి దారం తీసి లోపలి గుడ్డకు నాలుగు కుట్లు వేయాలి. లేకుంటే తీగ జారి కిందికి పొడుచుకుంటుంది. దూది కూరి, చంక కుట్టు వేయాలి. రబ్బరు చిరిగిన చోట గుడ్డ ప్లాస్టరు వేసి, పైన చిన్న గుడ్డ పట్టీ కుట్టవచ్చు.

10. పరీక్ష చేయాలి. పెద్దవాళ్లు ఒక్కో వేలిని పదిసార్లు వంచాలి. చెయ్యి అంతా గట్టిగా నొక్కాలి. తరువాత దూది ముక్కతో చెయ్యి అంతా రుద్దాలి. ఎక్కడైనా మొన ఉంటే దూది చిక్కుకుంటుంది. చిక్కుకుంటే మళ్లీ విప్పాలి.

తల్లి ఈ పనులన్నీ రెండు సాయంత్రాలు కూర్చుని చేసింది. దూది చిక్కలేదు. ఆఖరున బొమ్మ చెయ్యిని తన చెంపకు రాసి చూసుకుంది. అప్పుడు పిల్లకు ఇచ్చింది. "టాటా చెప్పించాలంటే భుజం పట్టుకుని ఊపు. మణికట్టు వంచకు" అని చెప్పింది.

తీగ వద్దు అనే చోటు

ఇంట్లో మూడేళ్ల లోపు పిల్లలు ఉన్నారా? వాళ్లు అన్నీ నోట్లో పెట్టుకుంటారు, కొరుకుతారు. వాళ్ల బొమ్మలో తీగ ఉండకూడదు. తీగ తీసేసి దూది కూరి కుట్టండి. చెయ్యి నిలవదు. పరవాలేదు. గుండీలు, పూసల కళ్లు కూడా వద్దు. అవి ఊడితే గొంతులో అడ్డం పడతాయి. కళ్లు దారంతో కుట్టండి.

మాట్లాడే బొమ్మలు, పాడే బొమ్మలు ఉంటాయి. వాటి లోపల ఉండేవి వేరే తీగలు. అవి కరెంటు పోయే తీగలు. ఒక చోట బ్యాటరీ ఉంటుంది. గుండీలాంటి చిన్న బ్యాటరీ చాలా ప్రమాదం. పిల్ల మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాల్చేయగలదు. మింగిందని అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. బ్యాటరీ మూతకు మర బిగించి ఉందో లేదో చూసుకోవాలి.

ఇస్త్రీ పెట్టె వైరు కూడా బొమ్మ చెయ్యి లాగే తెగుతుంది. ప్లగ్గు దగ్గర, పెట్టెలోకి పోయే చోట రోజూ వంగుతుంది కాబట్టి అక్కడే తెగుతుంది. అక్కడ నిప్పురవ్వలు వచ్చినా, వైరు కదిపితే లైటు ఆరి వెలిగినా వాడవద్దు. దానికి గుడ్డ చుట్టడం, ప్లాస్టరు వేయడం పనికిరాదు. తెలిసిన పనివాళ్ల చేత కొత్త వైరు వేయించండి. బొమ్మలో తప్పు చేస్తే మళ్లీ విప్పవచ్చు. కరెంటులో తప్పు చేస్తే ప్రాణం పోతుంది.

కొనేటప్పుడు

2021 జనవరి 1 నుంచి మన దేశంలో ఆటబొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. చేతిపనివాళ్లు చేసే కొన్ని బొమ్మలకు మినహాయింపు ఉంది. డబ్బా మీద ఆ గుర్తు చూడండి. ఎన్నేళ్ల పిల్లలకో రాసి ఉంటుంది. అది చదవండి. ఇప్పుడు మీకు చదవడం వచ్చు. ఎవరినీ అడగనవసరం లేదు. కొనే ముందు బొమ్మ చెయ్యిని నొక్కి చూడండి. తీగ కొస గట్టిగా తగిలితే ఆ బొమ్మ వద్దనండి.

చదవండి

తీగ, మొన, మెలిక, ముడి, కీలు, మక్కు, పటకారు, మణికట్టు, అయస్కాంతం, ధనుర్వాతం.

చెప్పండి

1. నానమ్మ బొమ్మను అటక మీద ఎందుకు పెట్టింది?
2. లాగినప్పుడు తెగని తీగ వంచినప్పుడు ఎందుకు తెగింది?
3. తోలుబొమ్మ చెయ్యి వందలసార్లు ఊగినా ఎందుకు తెగదు?
4. పాత తీగ ముక్కలన్నీ దొరికేదాకా ఎందుకు వెతకాలి?

లెక్క చేయండి

1. ఒక్కో తీగ 44 సెంటీమీటర్లు. ఐదు తీగలకు ఎన్ని సెంటీమీటర్లు? అది ఎన్ని మీటర్లు, ఎన్ని సెంటీమీటర్లు?
2. బొమ్మ చెయ్యి 15 సెంటీమీటర్లే ఉంటే ఒక్కో తీగ ఎంత పొడవు కావాలి?

చేసి చూడండి

బైండింగ్ వైరు ముక్క ఒకటి తీసుకోండి. ఒకే చోట కోసుగా అటూ ఇటూ వంచండి. ఎన్నిసార్లకు తెగిందో రాయండి. ఇంకో ముక్కకు గుడ్డ చుట్టి గుండ్రంగా వంచండి. ఎన్నిసార్లకు తెగిందో రాయండి. రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. ఈ పని పిల్లల చేత చేయించవద్దు. తెగిన ముక్కలు ఏరి, కాగితంలో చుట్టి, పాత ఇనుములో వేయండి.

మీ ఇంట్లో ఒకే చోట మళ్లీ మళ్లీ వంగే వస్తువులు ఏమేం ఉన్నాయి? ఈ రాత్రికి వాటి పేర్లు రాయండి. రేపు ఒక్కొక్కదాన్నీ పట్టుకుని చూడండి.